ఉప్పుగాలిలో బైకు పదిహేనేళ్లు నిలవాలంటే: కడగడం, తుప్పు, చైన్, ఆయిల్ – వరుసగా

ఇంజిన్ బాగానే ఉంటుంది. ఒక్క కిక్కుకే అందుకుంటుంది. కానీ సైలెన్సర్ కింద చిల్లి పడుతుంది, మడ్‌గార్డు అంచు పొరలు పొరలుగా ఊడుతుంది, రిమ్ము నిండా ఎర్రమచ్చలు, డబల్ స్టాండ్ బిగుసుకుపోయి కాలికి లొంగదు. ఒంగోలు, నెల్లూరు వైపు, కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంబడి తిరిగే బండ్లు చాలావరకు ఇలాగే పాడవుతాయి. ఇంజిన్ అరగకముందే ఇనుమును ఉప్పు తినేస్తుంది. అందుకే ఇక్కడ ఇంజిన్ కంటే నీళ్లకూ తుప్పుకూ చైన్‌కూ ఎక్కువ చోటిచ్చాం.

వరుస తప్పకూడదు. ముందు ఉప్పు పోవాలి, తర్వాత తడి ఆరాలి, ఆ తర్వాతే నూనె, గ్రీజు, రంగు. ఉప్పు మీద పూసిన గ్రీజు ఆ ఉప్పును లోపలే దాచిపెడుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతుంటుంది, కింద ఇనుము కరిగిపోతుంటుంది.

ఇక్కడి కొలతలు 100 నుంచి 150 సీసీ పెట్రోలు బైకులకు. స్కూటరుకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో అంకె వేరుగా ఉంటే ఆ అంకెనే పాటించండి.

1. మీ బండి ఏ దారిలో తిరుగుతుందో చూసుకోండి

కంపెనీ పెట్టే సర్వీసు గడువు మామూలు రోడ్డుకు లెక్క. మన దారులు నాలుగు రకాలు, దేని దెబ్బ దానిది.

- తీరం, రొయ్యల గుంటల కట్టలు, ఇస్కపల్లి లాంటి ఉప్పు కొఠార్ల వైపు: ఉప్పు. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాన లేకపోయినా ఇనుము చెమ్మగానే ఉంటుంది.
- చీమకుర్తి గ్రానైట్ దారులు: రాతిపొడి. ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. నూనెతో కలిసిందంటే చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది.
- పొదిలి, కనిగిరి, ఉదయగిరి మెట్ట వైపు: ఎండ, గతుకులు. టైర్లు, రబ్బర్లు, బ్యాటరీ, షాకబ్జర్లు ముందు పోతాయి.
- ఒంగోలు, నెల్లూరు పట్నాల్లో రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడు: ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. పొగలోని ఆవిరి సైలెన్సర్‌లో నీరై నిలుస్తుంది, ఆయిల్‌లోనూ తేమ చేరుతుంది.

మీ బండి ఇందులో రెండిటికి చెందితే రెండింటి జాగ్రత్తలూ తీసుకోవాలి. అల్లూరులో ఇల్లుండి రోజూ గుంటల మీదికి వెళ్లే బండి, నెల్లూరు ఆఫీసుకు మాత్రమే వెళ్లే బండి ఒకే మోడలైనా వాటి సర్వీసు ఒకటి కాదు.

2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 8 నుంచి 17 నంబరు దాకా స్పానర్లు, వెనక చక్రం యాక్సిల్ నట్టుకు సరిపడే రింగు స్పానర్, స్పార్క్ ప్లగ్గు విప్పే పానా, స్క్రూడ్రైవర్లు
- మెత్తని బ్రష్ ఒకటి, గట్టి నైలాన్ బ్రష్ ఒకటి, పాత టూత్‌బ్రష్‌లు రెండు
- పాత నూలు గుడ్డలు (పాలిస్టర్ నీటిని పీల్చదు, పనికిరాదు)
- బండి షాంపూ
- అర లీటరు కిరోసిన్
- ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ 250 మి.లీ.
- మల్టీపర్పస్ గ్రీజు 100 గ్రాములు, పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా
- 220, 400 నంబర్ల ఎమరీ పేపరు, తుప్పు తీసే ద్రావణం, ప్రైమరు, ఎనామిల్ రంగు
- చిన్న స్కేలు, గాలి చూసే గేజి, మల్టీమీటరు

గేజి, మల్టీమీటరు అనవసరపు ఖర్చు అనిపించవచ్చు. కానీ ఈ రెండూ లేకపోతే టైరు, బ్యాటరీల సంగతంతా అంచనాయే.

3. కడగడం

తీరంలో వారానికోసారి, తీరానికి దూరంగా లోపలి ఊళ్లలో పదిహేను రోజులకోసారి కడగండి. ఇసుకలో తిప్పినా, గుంటల నీళ్లు చిమ్మినా వారం దాకా ఆగకండి, అదే రోజు కడగాలి.

*మొదట నీళ్ల సంగతి.* సముద్రానికి దగ్గరి ఊళ్లలో చాలా బోర్లు ఉప్పే. ఆ నీళ్లతో కడిగితే బురద పోతుంది గానీ ఉప్పు కొత్తగా చేరుతుంది. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. మంచినీళ్లు సరిపడా లేకపోతే బురద పోగొట్టేందుకు బోరునీళ్లు వాడి, చివర రెండు బకెట్లు, అంటే 30 లీటర్లు, మంచినీళ్లతో తొలపండి. ఈ చివరి తొలుపు మానకూడదు.

1. ఇంజిన్ ఆపి అరగంట నీడలో ఉంచండి. కాలుతున్న ఇంజిన్, సైలెన్సర్ మీద చన్నీళ్లు పోస్తే రంగు పగులుతుంది.
2. సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవర్ కట్టండి. తాళం రంధ్రం, స్విచ్చుల మీద గుడ్డ కప్పండి.
3. కింది నుంచి మొదలుపెట్టండి. మడ్‌గార్డుల లోపలి వైపు, వెనక ఫోర్క్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) అడుగు, స్టాండ్ల కీళ్లు, ఇంజిన్ కింద ముందుగా తడిపి పది నిమిషాలు నాననివ్వండి. ఎండిన ఉప్పుమట్టి నానితేనే వదులుతుంది.
4. బకెట్‌లో షాంపూ కలిపి పై నుంచి కిందకు రుద్దండి. ట్యాంకుకు మెత్తని గుడ్డ, చక్రాలకు వేరే గుడ్డ. చక్రం గుడ్డలోని ఇసుక ట్యాంకును గీస్తుంది.
5. మడ్‌గార్డు అంచు మడతలో వేలు పెట్టి చూడండి. మట్టి తగిలితే టూత్‌బ్రష్‌తో తీయండి. మడ్‌గార్డు చిల్లులు పడడం ఈ మడతలోనే మొదలవుతుంది.
6. మంచినీళ్లతో తొలపండి.
7. గుడ్డతో తుడిచి, బండిని పది నిమిషాలు నడిపి రండి. సందుల్లోని నీరు గాలికి, ఇంజిన్ వేడికి ఆరుతుంది. బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కుతూ రండి, డ్రమ్ములు కూడా ఆరతాయి.

ఏడో మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. కడిగి అలాగే స్టాండ్ వేసి పైన ప్లాస్టిక్ కవర్ కప్పేస్తారు. రాత్రంతా ఆవిరి కవరు కిందే తిరుగుతుంటుంది. తడి బండికి కవరు కప్పేకంటే ఊరికే వదిలేయడం నయం.

కడగడంలో చేసే తప్పులు

- బట్టల సర్ఫు: రంగు మీది మెరుపు పోతుంది. షాంపూ లేకపోతే ఉత్త నీళ్లే మేలు.
- ప్రెషర్ గన్ను దగ్గరగా పట్టడం: చక్రం బేరింగులు, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), వైర్లు కలిసే కప్లర్లలోకి నీరు చొచ్చుకుపోతుంది. మీటరు దూరం నుంచి, బేరింగులకు సూటిగా కాకుండా పట్టమనండి.
- వాటర్ సర్వీసు చివర బండంతా డీజిల్ కొట్టించడం: ఆ పూట మెరుస్తుంది. రబ్బర్లు ఉబ్బుతాయి, డ్రమ్ములోకి దిగితే బ్రేక్ పట్టదు, మర్నాటికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వద్దని గట్టిగా చెప్పండి.

4. తుప్పు: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

నెలకోసారి, కడిగి ఆరిన బండిని టార్చి పట్టుకుని చూడండి. కనబడే చోట్ల కంటే కనబడని చోట్లే ముఖ్యం.

- సైలెన్సర్ అడుగు, వంపు దగ్గరి అతుకు
- సైడ్ స్టాండ్, డబల్ స్టాండ్ పిన్నులు, స్ప్రింగులు
- బ్యాటరీ కింది రేకు
- ట్యాంకు అడుగున అతుకు అంచు
- రిమ్ములో ఆకులు (స్పోకులు) దిగే చోట్లు
- ముందు ఫోర్క్ రాడ్లు
- చైన్ కవరు లోపల
- నంబరు ప్లేటు వెనక, సీటు కింద వెల్డింగులు

*పైపై ఎర్రమచ్చ అయితే.* 220 ఎమరీతో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దండి, మచ్చ చుట్టూ ఒక అంగుళం ఎక్కువే రుద్దండి. సందుల్లో మిగిలిన దానికి తుప్పు తీసే ద్రావణం పూసి డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. 400తో నున్నగా చేయండి. ప్రైమరు పల్చగా రెండు పూతలు, మధ్య అరగంట. తర్వాత ఎనామిల్ రెండు పూతలు. రాత్రంతా ఆరాలి.

రుద్దడం, ప్రైమరు ఒకే రోజు అయిపోవాలి. మన తీరంలో ఒట్టి ఇనుమును తెల్లారేదాకా వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది, దాని మీద ప్రైమరు నిలవదు. ఈ పనికి ఫిబ్రవరి నుంచి మే వరకు మంచి కాలం. మంచు ఆరిపోయాక, పొద్దున పది తర్వాత మొదలుపెట్టండి.

*పొరలుగా లేస్తే.* స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. దిగబడితే ఆ రేకు పని అయిపోయినట్టే. మడ్‌గార్డు, చైన్ కవరు అయితే మార్చేయండి. చాసిస్ (బండిని మోసే ఫ్రేము) గొట్టం లేదా వెనక ఫోర్క్ అయితే వెల్డింగు తెలిసిన మెకానిక్‌కు చూపించేదాకా బండి నడపకండి. పైన రంగు పూసి దాచే పని కాదది.

*ఫోర్క్ రాడ్లు.* వీటికి ఎమరీ తగలనివ్వకండి. క్రోమియం పూత గీసుకుంటే ఆ గీతలు ఆయిల్ సీలును కోస్తాయి, నూనె కారుతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచేసి నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే చిన్న మచ్చలు పోతాయి. తర్వాత రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ గుడ్డకు రాసి ఒకసారి తుడవండి. రాడ్లకు రబ్బరు బూట్లు ఉంటే ఆరు నెలలకోసారి పైకి లేపి చూడండి, వాటి కింద నీరు నిలుస్తుంది.

*సైలెన్సర్.* ఇది ఎక్కువగా లోపలి నుంచే పోతుంది. అడుగున చిన్న నీటి రంధ్రం ఉంటుంది, మట్టితో మూసుకుపోతే సన్న తీగతో తీయండి. పట్నంలో చిన్న దూరాలే తిరిగే బండిని వారానికొకసారి 15 కిలోమీటర్లు ఆగకుండా నడపండి, లోపలి నీరు ఆవిరై పోతుంది. పైపూతకు వేడికి తట్టుకునే సైలెన్సర్ పెయింటే వాడాలి, మామూలు ఎనామిల్ మొదటి రోజే కమిలిపోతుంది.

*స్టాండు పిన్నులు, నట్లు.* మూడు నెలలకోసారి స్టాండు పిన్ను తీసి, తుడిచి, గ్రీజు పెట్టండి. బయటికి కనబడే నట్ల తలలకు పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తే చాలు. బ్రేక్ డిస్కు, డ్రమ్ము, టైరు దరిదాపుల్లో జెల్లీ గానీ స్ప్రే గానీ తగలకూడదు.

5. చైన్

బండి మొత్తంలో శ్రద్ధకు వెంటనే ఫలితం చూపేది చైనే. మెలకువగా చూసుకుంటే బాగా ఎక్కువ కాలం వస్తుంది, వదిలేస్తే సగం కాలానికే సాగిపోతుంది.

మీ చైన్ ఏ రకమో ముందు చూడండి. లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులు కనిపిస్తే ఓ–రింగ్ చైన్. దాన్ని పెట్రోలుతోనూ ఇనుప బ్రష్‌తోనూ తోమకూడదు, రింగులు పాడవుతాయి. కిరోసిన్, మెత్తని బ్రష్ చాలు. 100 సీసీ బండ్లలో ఎక్కువగా రింగులు లేని మామూలు చైనే, మూసిన కవరు లోపల.

శుభ్రం చేసి నూనె వేయడం

తెరిచి ఉన్న చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి. ఉప్పు, వాన, రాతిపొడి ఉంటే 300కే. కవరు ఉన్న చైన్‌కు వెయ్యికోసారి రబ్బరు మూత తీసి నూనె వేయాలి. తీరంలో మూడు నెలలకోసారి కవరు పూర్తిగా ఊడదీయాల్సిందే.

1. డబల్ స్టాండ్, న్యూట్రల్, ఇంజిన్ ఆఫ్. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.
2. కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో నాలుగు వైపులా తోమండి.
3. పొడి గుడ్డతో గట్టిగా తుడిచి పావుగంట ఆరనివ్వండి.
4. గేర్ ఆయిల్‌ను చైన్ లోపలి వైపు, కింది వరుస మీద, ఒక్కో రోలర్‌కు ఒక్కో చుక్క వేయండి. తిరిగేటప్పుడు నూనె బయటికే విసురుతుంది, అందుకే లోపలి వైపు వేయాలి. మొత్తం 20–30 మి.లీ. మించదు.
5. చక్రాన్ని పదిసార్లు తిప్పి, అరగంట ఆగి, పైన మిగిలింది తుడిచేయండి.

బండి నడిపి వచ్చిన వెంటనే చైన్ వెచ్చగా ఉంటుంది, నూనె బాగా లోపలికి దిగుతుంది. వేసి రాత్రంతా వదిలితే ఇంకా మంచిది. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడం మానండి. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి. గ్రీజు కూడా వద్దు. రోలర్ లోపలికి పోదు, పైన దుమ్మును పట్టి ఉంచుతుంది.

బిగింపు సరిచేయడం

కింది వరుస మధ్యలో వేలితో పైకి కిందికి కదిపి, ఆ కదలికను స్కేలుతో కొలవండి. ఎక్కువ బండ్లకు 25–30 మి.మీ. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోటును లెక్కలోకి తీసుకోవాలి.

1. యాక్సిల్ నట్టు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు.
2. రెండు వైపుల అడ్జస్టర్ నట్లనూ ఒక్కోసారి పావు చుట్టు చొప్పున, సమానంగా తిప్పండి.
3. వెనక ఫోర్క్ మీది గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. ఒక గీత తేడా వచ్చినా చక్రం వంకరగా నడుస్తుంది, చైన్ ఒక పక్కే అరుగుతుంది.
4. యాక్సిల్ బిగించి మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు కొద్దిగా మారుతుంది.
5. డ్రమ్ బ్రేకు అయితే వెనక పెడల్ ఖాళీ కదలికను 20–30 మి.మీ.కు సరిచేయండి. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు పట్టేస్తుంది. ఇది మరిచి బండి నడిపితే డ్రమ్ము కాలిపోతుంది.

చప్పుడు వస్తోందని చైన్‌ను తీగలా బిగించడం వదులుగా వదిలేయడం కంటే చెడ్డది. మనిషి కూర్చుంటే అది ఇంకా బిగుసుకుని గేరుబాక్సు షాఫ్టు బేరింగు మీద భారం వేస్తుంది. ఆ రిపేరుకు ఇంజిన్ విప్పాలి.

ఎప్పుడు మార్చాలి

వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చివర చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగానికి పైగా బయటపడితే చైన్ సాగినట్టే. పళ్లు కొక్కెంలా వంగినా అంతే. చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ కలిపే మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైన్ త్వరగా చెడుతుంది. లింకు లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిశలో ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఊడిపోవచ్చు.

6. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్

గేరు బండికి డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అనే ప్రమాణం గుర్తు ఉండాలి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. గేర్లు లేని స్కూటరుకు ‘ఎంబీ’. 10డబ్ల్యూ–30, 20డబ్ల్యూ–40 లాంటి గ్రేడు బండి పుస్తకంలో ఉన్నదే పోయండి. ఎండ ఎక్కువని చిక్కటిది పోయనక్కర్లేదు.

పరిమాణం 100 సీసీకి చాలా బండ్లలో 700–900 మి.లీ., 125–150 సీసీకి 900 మి.లీ. నుంచి లీటరు పైచిలుకు. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోయకండి. ఎక్కువైతే సీళ్ల నుంచి కారుతుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

1. మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి. వెచ్చటి ఆయిల్ మురికితో సహా దిగుతుంది.
2. సమంగా ఉన్న నేల మీద డబల్ స్టాండ్. కింద తట్ట పెట్టి, పై మూత తీసి, డ్రెయిన్ నట్టు విప్పండి.
3. పది నిమిషాలు కారనివ్వండి. డీజిల్, కిరోసిన్ పోసి కడగకండి. లోపల మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తాయి.
4. డ్రెయిన్ నట్టుకు కొత్త వాషరు వేయండి. ముందు వేళ్లతోనే తిప్పి మర సరిగా కూర్చుందని చూసి, ఆ తర్వాత స్పానర్‌తో బిగించండి. స్పానరుకు పైపు తగిలించి బలం చూపితే అల్యూమినియం మర తెగుతుంది.
5. కొలిచి పోసి, రెండు నిమిషాలు నడిపి, మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. కొన్ని బండ్లలో దాన్ని మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి.

పుస్తకం 5–6 వేల కిలోమీటర్లు చెప్పినా, రాతిపొడి దారికీ చిన్న దూరాల తిరుగుడుకూ 3 వేలకు లేదా ఆరు నెలలకు మార్చడం మంచిది. పాత ఆయిల్‌ను కాలువలోనో కయ్యల్లోనో పోయకండి, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇవ్వండి.

ఎయిర్ ఫిల్టర్ మూడు రకాలు, మూడిటికీ పద్ధతి వేరు. స్పాంజిదైతే కిరోసిన్‌లో పిసికి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా నొక్కి పిండండి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. పొడి కాగితందైతే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టండి. నూనె పూత ఉన్న కాగితానికి గాలి కొట్టకూడదు, కడగకూడదు, గడువుకు మార్చడమే. చీమకుర్తి వైపు రోజూ తిరిగే బండికి ఆ గడువును సగం చేసుకోండి. ఫిల్టర్ పెట్టె అడుగున ఉండే చిన్న రబ్బరు గొట్టాన్ని కూడా ఖాళీ చేయండి.

7. బ్రేకులు, టైర్లు, బ్యాటరీ

డ్రమ్ము: బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ప్లేటు మీది బాణం గుర్తు గీతను తాకితే బ్రేక్ షూలు మార్చాలి. షూలను విప్పార్చే కామ్ పిన్ను ఉప్పుకు బిగుసుకుంటుంది, షూలు తీసినప్పుడు దానికి బియ్యపు గింజంత గ్రీజు చాలు.

డిస్కు: చక్రం పైకి లేపి చేత్తో తిప్పండి. బ్రేకు వదిలాక కూడా బరువుగా తిరిగితే కాలిపర్ (డిస్కును నొక్కే భాగం) పిన్నులు పట్టేశాయి. బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది, కాబట్టి రెండేళ్లకు మార్పించండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే పోయాలి. రంగు మీద చిందితే వెంటనే నీళ్లతో కడగండి, రంగును తినేస్తుంది.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, బంకుకు వెళ్లేముందే చూడండి. చాలా 100 సీసీ బండ్లకు ముందు 25 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికి 28–33, ఇద్దరికి 36–41. మీ బండి అంకె చైన్ కవరు మీది స్టిక్కరులో ఉంటుంది. వేసవిలో పేలుతుందేమోనని గాలి తగ్గించడం పొరపాటు. తక్కువ గాలితో పక్కలు ఎక్కువ మడతపడి టైరు ఇంకా వేడెక్కుతుంది. కొత్త టైరు కొనేటప్పుడు పక్కన నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.

బ్యాటరీ: రాత్రంతా ఆపిన బండిలో 12.6 వోల్టులకు పైన ఉండాలి, 12.4 కంటే దిగితే ఛార్జి పెట్టించండి. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 రావాలి. రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, కొత్తది కొనేముందు ఛార్జింగు చూపించండి. టెర్మినల్ మీద కిలుము పడితే మైనస్ ముందు విప్పి, వంటసోడా నీళ్లతో తోమి, ఆరబెట్టి, ప్లస్ ముందు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

8. అక్టోబరు నుంచి డిసెంబరు

మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. సెప్టెంబరులోనే టైర్లు, బ్రేకులు, ప్లగ్గు మూత రబ్బరు, లైట్లు చూసుకోండి.

నిలిచిన నీటిలో యాక్సిల్ మునిగే లోతుంటే దిగకండి. తప్పనిసరైతే మొదటి గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా, ఒకే వేగంతో దాటండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ బయటికి రండి.

బండి మునిగితే:

1. తాళం ఆన్ చేయకండి, సెల్ఫ్ నొక్కకండి, కిక్కు కొట్టకండి. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.
2. బ్యాటరీ మైనస్ విప్పండి. సముద్రపు నీరో గుంటల నీరో అయితే ముందు మంచినీళ్లతో బాగా కడగండి.
3. ప్లగ్గు విప్పి, మెల్లగా ఆరేడుసార్లు కిక్కు కొట్టండి. నీరు ఆ రంధ్రంలోంచి బయటపడుతుంది, ముఖం పక్కకు పెట్టుకోండి.
4. ఎయిర్ ఫిల్టర్ తీసి పెట్టె ఆరబెట్టండి. కాగితందైతే మార్చండి.
5. ఆయిల్ దించండి. పాలకాఫీ రంగులో ఉంటే నీరు కలిసింది. చవక ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి దించి, మళ్లీ సరైనది పోయండి.
6. పెట్రోలులో నీరు చేరిందేమో సీసాలో పట్టి చూడండి. అడుగున వేరే పొర కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి.
7. డ్రమ్ములు విప్పి ఆరబెట్టండి, చక్రం బేరింగులు చూపించండి.

9. గోడకు అంటించుకునే పట్టిక

- వారానికి: కడగడం (లోపలి ఊళ్లలో పదిహేను రోజులకు), టైర్ల గాలి, పట్నం బండిని ఒకసారి 15 కి.మీ. ఆగకుండా నడపడం
- 300–500 కి.మీ. (కవరు ఉన్న చైన్‌కు వెయ్యి): చైన్ నూనె, బిగింపు
- నెలకు: తుప్పు చూడడం, ఆయిల్ మట్టం, బ్రేకులు, బ్యాటరీ వోల్టులు
- మూడు నెలలకు: స్టాండు పిన్నుల గ్రీజు, చైన్ కవరు విప్పడం, క్లచ్ లివరు ఖాళీ కదలిక 10–15 మి.మీ.
- ఆరు నెలలకు: ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు
- ఏడాదికి: ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే), కోన్ సెట్, చక్రం బేరింగులు
- రెండేళ్లకు: బ్రేక్ ఫ్లూయిడ్

ప్రతి పని పక్కన తేదీ, కిలోమీటర్లు రాయండి. సొంత బండి ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. అప్పుడు చాసిస్ నంబరు తుప్పులో చెరిగిపోకుండా కనబడాలి. ఇప్పటినుంచే దాన్ని శుభ్రం చేసి పల్చగా జెల్లీ రాస్తూ ఉండండి.

10. బండిని నెలల తరబడి ఆపాల్సి వస్తే

పని మీద ఊరు విడిచి వెళ్లేటప్పుడు బండిని ఉన్నపళంగా వదిలేయకండి.

- కడిగి, నడిపి, పూర్తిగా ఆరబెట్టండి.
- ట్యాంకు మెడ దాకా కాకుండా దాదాపు నిండుగా నింపండి. ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, పై రేకు లోపల తుప్పు పడుతుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా.
- కార్బరేటర్ బండి అయితే పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. 2020 ఏప్రిల్ తర్వాతి ఎఫ్‌ఐ (కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లకు ఇది చేయకండి, పెట్రోలు పంపు పాడవుతుంది.
- ప్లగ్గు తీసి 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి, తాళం ఆఫ్‌లో ఉంచి రెండు మూడుసార్లు కిక్కు కొట్టి ప్లగ్గు బిగించండి.
- బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి నెలకోసారి ఛార్జి పెట్టించండి.
- డబల్ స్టాండ్ వేసి, టైర్లలో 5 పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి.
- సైలెన్సర్ చల్లారాక మూతికి గుడ్డ కుక్కి, కనబడేలా ఎర్ర దారం వేలాడదీయండి. పైన నూలు దుప్పటి కప్పండి.

తిరిగి వచ్చాక ముందు ఆ గుడ్డ తీయండి. సీటు కింద, ఫిల్టర్ పెట్టెలో ఎలుకలు గూడు కట్టాయేమో, వైర్లు కొరికాయేమో చూడండి. బ్యాటరీ బిగించి, గాలి సరిచేసి, ఆయిల్ మట్టం చూసి స్టార్ట్ చేయండి. మొదటి నిమిషం నీలి ఛాయ ఉన్న తెల్లటి పొగ వస్తే కంగారు పడొద్దు, పోసిన ఆ 5 మి.లీ. ఆయిలే కాలుతోంది. ఒక కిలోమీటరు తిరిగి వచ్చి రెండు చక్రాల హబ్బుల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూడండి, తాకొద్దు. ఒకటి సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసింది, విప్పించాకే రోడ్డెక్కండి.